డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ అంటే అసలు ఏం పని? మా క్లబ్బులో పంచాయితీ నడుస్తోంది

హన్మకొండ_లెఫ్ట్‌బ్యాక్ | శుక్రవారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

మాది హన్మకొండలో చిన్న క్లబ్బు. 42 మంది పిల్లలు, అందులో 9 మంది అమ్మాయిలు. కోచ్ ఒక్కరే. ఆయన ఒక స్కూల్లో పీఈటీ. మేం జీతం ఇవ్వం, పెట్రోలు ఖర్చు మాత్రం ఇస్తాం. ఎవరిని తీసుకోవాలి, ఎవరు ఏ వయసు టీంలో ఆడాలి, బూట్లు ఎక్కడ కొనాలి, కరీంనగర్ టోర్నమెంటుకి ఏ బస్సు ఎక్కాలి, అన్నీ ఆయనే చూస్తారు. పదకొండేళ్లుగా ఇలాగే నడుస్తోంది.

ఇప్పుడు టెక్సాస్‌లో ఉండే మా సీనియర్ ఒకాయన ఏడాదికి మూడు లక్షలు ఇస్తానన్నారు. ఒకటే షరతు. ‘డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్’ అని ఒకరిని పెట్టాలి, ఆటగాళ్లను తీసుకునే అధికారం కోచ్ చేతిలో ఉండకూడదు. ప్రపంచమంతా ఇలాగే చేస్తోంది అంటారాయన. కోచ్ సార్‌కి ఈ మాట చెప్పగానే, "నా టీంలో ఎవరుండాలో ఇంకొకరు చెప్తే ఇక నేనెందుకు?" అని మెడలో విజిల్ తీసి టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. ఆదివారం కమిటీ మీటింగు.

ఈ పోస్టు ఉన్న క్లబ్బుల్లో ఆ మనిషి పొద్దున లేచి ఏం చేస్తాడు? కోచ్‌కి పై అధికారా, పక్కన ఉండేవాడా? వెతికి చూశాను. స్పోర్టింగ్ డైరెక్టర్ అంటారు, టెక్నికల్ డైరెక్టర్ అంటారు, ఒక్కో చోట ఒక్కో పేరు. తల తిరిగింది.

రెడ్స్_రాజన్న | శుక్రవారం, రాత్రి 9:31

తమ్మీ, సరైన మనిషిని అడిగావు. లివర్‌పూల్‌ని చూడు చాలు.

మైఖేల్ ఎడ్వర్డ్స్ అని ఒకాయన. 2011లో టోటెన్‌హామ్ నుంచి వచ్చాడు, మొదట కంప్యూటర్ ముందు కూర్చుని ఆటల లెక్కలు తీసే పని. 2016లో స్పోర్టింగ్ డైరెక్టర్ అయ్యాడు. 2017 ఎండాకాలంలో కోచ్ క్లాప్ మనసు జర్మనీ కుర్రాడు యూలియన్ బ్రాంట్ మీద ఉంది. ఎడ్వర్డ్స్ వాళ్లు మాత్రం రోమాలో ఉన్న సలాహ్‌ని తీసుకుందామని పట్టు పట్టారు. చెల్సీలో ఒకసారి విఫలమైన ఆటగాడు కదా అని చాలామందికి అనుమానం. చివరికి క్లాప్ ఒప్పుకున్నాడు. మొదటి సీజన్‌లోనే సలాహ్ 44 గోల్స్ కొట్టాడు.

2018 జనవరిలో కుటీన్యోని బార్సిలోనాకి భారీ ధరకి అమ్మారు. అదే నెలలో 75 మిలియన్ పౌండ్లకి డిఫెండర్ వాన్ డైక్ వచ్చాడు, ఆ ఎండాకాలం గోల్‌కీపర్ అలిసన్ వచ్చాడు. 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో ముప్ఫై ఏళ్ల తర్వాత లీగ్ టైటిల్.

కోచ్ అడిగిన మనిషిని తేలేదు, కోచ్ ఆటకి సరిపోయే మనిషిని తెచ్చాడు. ఆ పోస్టు పని అదే.

కాజీపేట_జంక్షన్ | శుక్రవారం, రాత్రి 9:40

మూడు లక్షలకి ఎడ్వర్డ్స్ రాడు రాజన్నా. ఆయన ఫ్లైట్ టికెట్‌కే సరిపోతుంది, అదీ ఒకవైపుకే.

ఆర్సెనల్ కోచ్ వెంగర్‌ని 2017లో ఇదే ప్రశ్న అడిగారు. డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్ అంటే నాకు తెలీదు, రోడ్డు మీద నిలబడి ఆటని కుడికీ ఎడమకీ మళ్లించేవాడా అన్నాడు. అలాంటివాడు దొరికితే ముందు హన్మకొండ చౌరస్తాలో నిలబెట్టండి. సాయంత్రం ఆరింటికి అవసరం ఉంటుంది.

హన్మకొండ_లెఫ్ట్‌బ్యాక్ | శుక్రవారం, రాత్రి 9:44

ఇది మా కోచ్ సార్‌కి పంపిస్తే ఫ్రేమ్ కట్టించుకుంటారు 😀

న్యూకాసిల్_నర్సింగ్ | శుక్రవారం, రాత్రి 10:05

రాజన్న పెళ్లి ఫోటోలు చూపించాడు, నేను విడాకుల కాగితాలు చూపిస్తా.

2008 జనవరిలో కెవిన్ కీగన్ న్యూకాసిల్‌కి మేనేజర్‌గా తిరిగి వచ్చాడు (అక్కడ కోచ్‌ని అలాగే అంటారు). ఊరంతా పండగ. అదే నెలాఖరులో డెనిస్ వైజ్‌ని ఫుట్‌బాల్ వ్యవహారాల డైరెక్టర్‌గా పెట్టారు. ఆటగాళ్ల విషయంలో ఆఖరి మాట ఎవరిదో ఇద్దరికీ ఒకేలా అర్థం కాలేదు, లేదా కావాలనే స్పష్టంగా చెప్పలేదు. ఆ ఏడాది ట్రాన్స్‌ఫర్ గడువు ముగిసే సమయానికి ఇగ్నాసియో గొన్సాలెస్ అనే ఉరుగ్వే ఆటగాడిని లోన్ మీద, అంటే కొన్నాళ్లకి అరువుగా తెస్తున్నామని వైజ్ ఫోన్ చేశాడు. ఎవరతను అని కీగన్ అడిగితే యూట్యూబ్‌లో చూడమన్నాడు. ఇది నేను కల్పించి చెప్పేది కాదు, తర్వాత ట్రిబ్యునల్ తీర్పులో రాసిన సంగతి. ఏజెంట్లకు మేలు చేయడానికే ఆ కుర్రాడిని తీసుకున్నారని కూడా అందులో బయటపడింది.

కీగన్ సెప్టెంబరులో రాజీనామా చేశాడు. 2009లో ట్రిబ్యునల్ ఆయన పక్షానే తీర్పు ఇచ్చి 20 లక్షల పౌండ్లు ఇప్పించింది. ఆ డబ్బు వచ్చేసరికే మా టీం కింది డివిజన్‌కి పడిపోయింది. గొన్సాలెస్ ఆడింది రెండే రెండు మ్యాచ్‌లు.

మీ కోచ్ సార్ విజిల్ టేబుల్ మీద పెట్టారంటే నాకు కీగనే గుర్తొస్తున్నాడు. ఆయన అలిగింది పదవి గురించి కాకపోవచ్చు. రేపు తన ముందు ఎవరినో నిలబెట్టి యూట్యూబ్‌లో చూసుకో అంటారేమో అన్న భయం అది.

పాత_పీఈటీ | శనివారం, ఉదయం 6:20

పిల్లలూ, నేను 34 ఏళ్లు పీఈటీగా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసిన ఒక్క మాట చెప్తాను.

ఇంగ్లండు, జర్మనీ దాకా ఎందుకు? సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మన హైదరాబాద్ మనిషి, వృత్తి రీత్యా టీచరు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. హైదరాబాద్ సిటీ పోలీస్ టీంకి కోచ్, వాళ్లు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచారు. భారత టీంకీ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఏషియాడ్‌లో బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికి ఆయనకి క్యాన్సర్.

అసోసియేషన్ కార్యదర్శిగా ఆయన పిల్లలకి ఎలాంటి టోర్నమెంట్లు పెట్టించారో తెలుసా? డ్రిబ్లింగ్ చేయకూడదు, పాస్ మాత్రమే ఇవ్వాలి అని ఒకటి. బలహీనమైన కాలితోనే ఆడాలి అని ఇంకొకటి. కోచ్‌గా తనకి రేపు కావాల్సిన ఆటగాళ్లని కార్యదర్శిగా ఇవాళే తయారు చేసుకున్నారు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం అంత దూరం రాలేనంటే సైకిలు అద్దెకి డబ్బులిచ్చి రప్పించుకున్నారు.

ఏ పదవి పేరూ లేకుండా రెండు పనులూ ఒక్క మనిషే చేశాడు. మీ కోచ్ కూడా అదే చేస్తున్నాడు. ఆయనకి ఒక సహాయకుడిని ఇవ్వండి చాలు, పైన ఇంకో కుర్చీ వేయకండి.

రెడ్స్_రాజన్న | శనివారం, ఉదయం 8:02

సార్, రహీం సాబ్ పేరు వింటే నేనూ లేచి నిలబడతాను. కానీ మీరు ఆపిన చోటు నుంచి నేను ఒక అడుగు ముందుకి వేస్తాను, తప్పుగా అనుకోవద్దు. 1963 జూన్‌లో ఆయన పోయారు. ఆ తర్వాత ఏషియాడ్ బంగారం ఇప్పటిదాకా రాలేదు. అన్నీ ఒక్క మనిషి తలలో ఉంటే ఆ మనిషితోనే పోతాయి కదా.

మాంచెస్టర్ యునైటెడ్‌దీ అదే కథ. మేనేజర్ ఫెర్గూసన్ 2013లో దిగిపోయాడు. అదే ఏడు చీఫ్ ఎగ్జిక్యూటివ్ డేవిడ్ గిల్ కూడా వెళ్లిపోయాడు. ఎవరిని చూడాలి, ఎవరిని వదలాలి అన్న జ్ఞానమంతా ఆ ఇద్దరితో గేటు దాటింది. ఆ క్లబ్బు మొదటిసారి ఫుట్‌బాల్ డైరెక్టర్‌ని పెట్టుకుంది 2021లో. ఎనిమిదేళ్లు, నలుగురు మేనేజర్లు.

పాత_పీఈటీ | శనివారం, ఉదయం 8:40

1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కాంస్యం వచ్చింది నాయనా, రహీం సాబ్ శిష్యుడు పీకే బెనర్జీ కోచింగ్‌లోనే. 1964 ఆసియా కప్‌లో రెండో స్థానం ఉంది. అన్నీ ఆయనతోనే పోలేదు.

కానీ నువ్వన్నదాంట్లో నిజం లేకపోలేదు. శిష్యుల చేతుల్లో ఉన్నంతకాలం ఉంది. వాళ్లు ముసలివాళ్లయ్యాక రాసిపెట్టిన కాగితం ఏదీ మిగల్లేదు. నేను రిటైరైన రోజు కూడా నా పిల్లల వివరాలున్న నోటుబుక్కు ఎవరూ అడగలేదు. ఇంకా మా ఇంట్లో అటక మీదే ఉంది.

ఖని_గోల్‌కీపర్ | శనివారం, ఉదయం 11:15

సార్ చెప్పిన అటక మాట చదివాక రాయాలనిపించింది.

మాది గోదావరిఖని. మా బాపు సింగరేణిలో ఓవర్‌మెన్‌గా రిటైరయ్యాడు. అండర్‌గ్రౌండ్ గనిలో రెండు రకాల పని ఉంటుంది. ఒకటి డెవలప్‌మెంట్, అంటే బొగ్గులో దారులు తవ్వుకుంటూ, పైకప్పు నిలబడడానికి మధ్యలో స్తంభాలు వదిలిపెడుతూ పోవడం. రెండోది డీపిల్లరింగ్, ఆ వదిలిన స్తంభాల్నే తీసేయడం. టన్నులు ఎక్కువ వచ్చేది డీపిల్లరింగ్‌లోనే. షిఫ్ట్ చూసేవాడి మీద ఇవాళ్టి ప్రొడక్షన్ టెన్షన్ ఉంటుంది కాబట్టి మనుషుల్ని, మెషిన్లని అటే లాగుతాడు. తప్పు పట్టలేం, సాయంత్రం లెక్క అడిగేది ఆయన్నే. కానీ ఎక్కడో ఒక చోట డెవలప్‌మెంట్ ఆగకుండా చూసే ఇంకొకరు లేకపోతే రెండేళ్ల తర్వాత తీయడానికి స్తంభాలే ఉండవు.

కోచ్ అంటే షిఫ్ట్ చూసేవాడు. ఆదివారం మ్యాచ్ ఓడితే ఆయన్నే అంటారు. పన్నెండేళ్ల పిల్లాడు పదహారు ఏళ్లకి ఏమవుతాడో ఆలోచించే తీరిక ఆయనకి ఉండదు, ఉండాలని అడగడం కూడా అన్యాయమే. డైరెక్టర్ పని ఆ రెండోది.

జర్మనీలో బేయర్న్ మ్యూనిక్‌కి యూలీ హోనెస్ అని ఉండేవాడు. మోకాలు దెబ్బతిని 27 ఏళ్లకే ఆట మానేసి 1979లో ఆ కుర్చీలో కూర్చున్నాడు. 2009 దాకా లేవలేదు. ఆ ముప్ఫై ఏళ్లలో ఎంతమంది కోచ్‌లు వచ్చారో, పోయారో. బాపుకి ఈ సంగతి చెప్తే, "మరి గని మేనేజర్ మారినప్పుడల్లా మ్యాపు మార్చుకుంటారా?" అన్నాడు.

మిర్చి_అడ్తి | శనివారం, మధ్యాహ్నం 1:50

నాకు ఆట అంతగా తెలియదు. మావాడు చెల్సీ అని రాత్రుళ్లు టీవీ ముందు కూర్చుంటాడు కాబట్టి నేనూ చూస్తాను. ఎనుమాముల యార్డులో ఇరవై ఏళ్లుగా అడ్తి నడుపుతున్నాను, బేరం గురించి అయితే చెప్పగలను.

మార్చిలో మిర్చి ఒక్కసారిగా యార్డుకి వస్తుంది, రేటు పడుతుంది. రైతు ముందు రెండే దారులు. ఇవాళే అమ్మేయడం, లేదా కోల్డ్ స్టోరేజీలో పెట్టి అద్దె కట్టుకుంటూ ఎదురుచూడడం. ఎక్కువ కాలం పెడితే రంగు తగ్గుతుంది. ఆటగాడి కాంట్రాక్టు చూస్తే నాకు అదే కనిపిస్తుంది. 1995లో బోస్మన్ తీర్పు వచ్చాక గడువు తీరిన ఆటగాడు ఉచితంగా వెళ్లిపోవచ్చు. అంటే గడువు రెండేళ్లు ఉండగా ఒక రేటు, ఏడాది ఉండగా ఇంకో రేటు, ఆర్నెల్లకి ఎంతొస్తే అంత. ఈ తేదీలు ఎవరో ఒకరు క్యాలెండరులో రాసుకుని కూర్చోవాలి. కోచ్ రాసుకోడు. ఆయనకి మంచి ఆటగాడు ఎప్పుడూ మంచి ఆటగాడే, అమ్మమంటే కడుపు మండుతుంది.

స్పెయిన్‌లో సెవియా అనే క్లబ్బుకి మోంచి అని ఒకాయన ఉండేవాడట, అంతకుముందు అదే క్లబ్బు గోల్‌కీపర్. 2000లో ఆ పని మొదలుపెట్టేటప్పటికి టీం రెండో డివిజన్‌లో ఉంది, చేతిలో పైసా లేదు. బ్రెజిల్ నుంచి డానీ అల్వెస్‌ని చవగ్గా తెచ్చి కొన్నేళ్లకి బార్సిలోనాకి అమ్మాడు. సొంత అకాడమీ కుర్రాడు రామోస్‌ని రియల్ మాడ్రిడ్‌కి 2.7 కోట్ల యూరోలకి ఇచ్చాడు. ఇలా అమ్ముతూనే 2006 నుంచి 2016 మధ్య ఐదుసార్లు ఆ యూరోపా కప్పు గెలిచారు. అమ్మేవాడు నష్టపోయాడని ఎవరన్నారు?

రెడ్స్_రాజన్న | శనివారం, మధ్యాహ్నం 2:08

అన్నా, మోంచి కథలో రెండో అధ్యాయం ఉంది. 2017లో ఆయన రోమాకి వెళ్లాడు. ఆ ఎండాకాలం సలాహ్‌ని లివర్‌పూల్‌కి అమ్మింది ఎవరనుకున్నారు, ఆయనే! తర్వాతి ఏడు అలిసన్‌ని కూడా మాకే ఇచ్చారు. ఖాతాలు సరిచేసుకోవాల్సిన తొందర వాళ్లది. రెండేళ్లు నిండకుండానే మోంచి అక్కడి నుంచి బయటికి వచ్చి మళ్లీ సెవియాకి చేరాడు. అదే మనిషి, అదే బుర్ర. చుట్టూ ఉన్న ఇల్లు వేరు.

ఇక కాంట్రాక్టు గడువు సంగతి మా గాయం మీద కారమే. 2025లో మా డిఫెండర్ ట్రెంట్ గడువు తీరి మాడ్రిడ్‌కి పోయాడు. క్లబ్ వరల్డ్ కప్ కోసం కొన్ని వారాలు ముందు వదలమని వాళ్లు ఇచ్చిన చిల్లర తప్ప మాకేం రాలేదు. కానీ అదే ఏప్రిల్‌లో సలాహ్, వాన్ డైక్ ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. ముగ్గురి గడువూ ఒకేసారి ముగిసేలా ఎవరు వదిలేశారన్నది వేరే త్రెడ్ పెట్టుకోవాల్సినంత గొడవ.

మిర్చి_అడ్తి | శనివారం, మధ్యాహ్నం 2:30

మా పక్క యార్డుకి పోయి ఒక అడ్తి ఇలాగే మునిగాడు. మనిషి అదే, రైతులు వేరు.

నిర్వాహకుడు | శనివారం, మధ్యాహ్నం 3:00

చెల్సీ ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టుల మీద మొదలైన తిట్లు తీసేశాను. ఆటగాడిని కొన్న ధరని ఖాతాల్లో ఐదేళ్లకి మించి పంచకూడదని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఈఎఫ్ఏ 2023లోనే ఆపేసింది కాబట్టి దాని మీద కొట్టుకోవడం దండగ. విషయానికి రండి.

హన్మకొండ_లెఫ్ట్‌బ్యాక్ | శనివారం, సాయంత్రం 5:25

అందరికీ థ్యాంక్స్. ఖని అన్న రాసింది కోచ్ సార్‌కి చదివి వినిపించాను. షిఫ్ట్ టెన్షన్ మాట దగ్గర కొంచెం మెత్తబడ్డారు.

ఒక విషయం ముందు చెప్పలేదు, ఇప్పుడు చెప్తే మంచిది. డబ్బిస్తానన్న మా సీనియర్ మేనల్లుడు మా అండర్-15లో ఫార్వర్డ్. మొన్న రెండు మ్యాచ్‌లలో కోచ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. డైరెక్టర్‌గా ఎవరిని పెట్టాలో కూడా ఆయనే ఒక పేరు పంపారు.

న్యూకాసిల్_నర్సింగ్ | శనివారం, సాయంత్రం 5:31

తమ్మీ!! ఇది మొదటి పోస్టులో మొదటి లైనులో రాయాల్సిన మాట కదా!

కాజీపేట_జంక్షన్ | శనివారం, సాయంత్రం 5:33

రెండు రోజులుగా ఇంజిన్ రిపేరు గురించి మాట్లాడుతుంటే ఇప్పుడు చెప్తున్నాడు, పట్టాలు మేనమామవని.

ఖని_గోల్‌కీపర్ | శనివారం, సాయంత్రం 6:10

నవ్వులాటలు పక్కన పెడితే ఇది పెద్ద క్లబ్బుల్లోనూ ఉన్న జబ్బే. 2007 జులైలో చెల్సీ యజమాని అబ్రమోవిచ్ తన మనిషి అవ్రామ్ గ్రాంట్‌ని డైరెక్టర్ ఆఫ్ ఫుట్‌బాల్‌గా తెచ్చాడు. కోచ్ మొరీన్యో. సెప్టెంబరు గడవకముందే మొరీన్యో బయట, గ్రాంట్ ఆయన సీట్లో. గ్రాంట్ ఆ ఏడు టీంని చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా తీసుకుపోయి పెనాల్టీల్లో ఓడాడు, కాబట్టి చేతకానివాడు అనను. కానీ ఆ కుర్చీ యజమాని చెవి పక్కన వేసిన కుర్చీ అని కోచ్‌కి ఒకసారి అనిపిస్తే ఇక ఆ ఇద్దరి మధ్య మాట నడవదు.

కాబట్టి మనిషి ఎవరన్నది కాదు, ఆ మనిషి ఎవరికి జవాబు చెప్తాడన్నది ముందు తేల్చండి. మేనమామకా, కమిటీకా?

పాత_పీఈటీ | శనివారం, సాయంత్రం 7:15

కుర్రాడి సంగతి ఏమిటి? నిజంగా ఆడగలడా? అది ఎవరూ అడగలేదు.

హన్మకొండ_లెఫ్ట్‌బ్యాక్ | శనివారం, సాయంత్రం 7:22

బాగానే ఆడతాడు సార్. ఎడమ కాలు మంచిది. పరుగు తక్కువ. చెడ్డ పిల్లాడు కాదు, ఈ గొడవ వల్ల రెండు రోజులుగా ప్రాక్టీసుకే రావడం లేదు.

ఇందూరు_వింగర్ | శనివారం, రాత్రి 9:50

ఆలస్యంగా చూశాను. నేను నిజామాబాద్‌లో ఆడాను, స్టేట్ దాకా వెళ్లాను, తర్వాత మోకాలు పోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అకాడమీలో ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ పని చూస్తాను. మీరంతా సలాహ్‌ల గురించి మాట్లాడుతున్నారు, నేను ఫైళ్ల గురించి మాట్లాడతా.

42 మంది పిల్లలున్న క్లబ్బులో డైరెక్టర్ ఎవరినీ కొనడు, అమ్మడు. కానీ ఒక లెక్క చెప్తాను. ఒక ఆటగాడు కాంట్రాక్టు నడుస్తుండగానే ఒక దేశం క్లబ్బు నుంచి ఇంకో దేశం క్లబ్బుకి డబ్బుకి మారితే, ఫిఫా నిబంధన ప్రకారం ఆ డబ్బులో 5 శాతం అతన్ని చిన్నప్పుడు తయారు చేసిన క్లబ్బులకి పంచాలి. 12 నుంచి 15 ఏళ్ల మధ్య పెంచిన క్లబ్బుకి ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 23 మధ్య అయితే ఏడాదికి 0.5 శాతం. అంటే 12 నుంచి 15 దాకా మీ దగ్గర నాలుగేళ్లు ఆడిన పిల్లాడు ఏదో ఒక రోజు కోటి రూపాయలకి విదేశానికి మారితే మీకు లక్ష రూపాయలు. 2022 నవంబరు నుంచి దీనికోసం ఫిఫా క్లియరింగ్ హౌస్ అని వేరే ఏర్పాటే నడుస్తోంది.

కోటి ఎక్కడ, మన ఊరెక్కడ అంటారు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి సంతకం పెట్టింది. 2024-25కి దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు ఆమెకే. అక్కడ డబ్బు చేతులు మారిందని నేననడం లేదు. మన వైపు నుంచి అంత దూరం వెళ్లే దారి ఉందని మాత్రం చెప్తున్నా.

ఆ లక్ష రావాలంటే ఆ పిల్లాడు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా మీ దగ్గర ఉన్నాడో అధికారిక రికార్డులో ఉండాలి. మన దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఏఐఎఫ్ఎఫ్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో లేనివాడు కాగితం మీద మీ ఆటగాడే కాదు. నేను చిన్నప్పుడు నాలుగేళ్లు ఆడిన క్లబ్బు నా పేరు ఎక్కడా ఎక్కించలేదు. పేరు చెప్పను, వాళ్లు మంచివాళ్లే, మాకు రోజూ అరటిపళ్లు పెట్టేవాళ్లు. తర్వాత నేను సెలక్షన్స్‌కి వెళ్లినప్పుడు ఇంతకుముందు ఎక్కడ ఆడావంటే చూపించడానికి ఒక్క కాగితం లేదు. ఆ రోజు ఏడుస్తూ బస్సు ఎక్కాను.

ఇంకో మాట. పోస్టులో 9 మంది అమ్మాయిలున్నారన్నారు. ఇన్ని రిప్లైలలో వాళ్ల గురించి ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. అబ్బాయిల కోచ్‌కి అబ్బాయిల మ్యాచ్ ఉంటుంది. అమ్మాయిలు పదో తరగతికి వచ్చేసరికి ఎందుకు మానేస్తున్నారో ఇంటికి వెళ్లి అడిగేవాళ్లు కావాలి. ఆ మనిషిని మీరు డైరెక్టర్ అంటారో, అక్క అంటారో మీ ఇష్టం.

రెడ్స్_రాజన్న | శనివారం, రాత్రి 10:12

ఒప్పుకుంటున్నా. నేను ఇంత సేపు పైకప్పు గురించి మాట్లాడాను, పునాది మీరు చెప్పారు.

న్యూకాసిల్_నర్సింగ్ | శనివారం, రాత్రి 10:40

ఇందూరు అక్క మాటకి నేను ఒకటే కలుపుతా. ఏం చేసినా ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో కాగితం మీద పెట్టండి. మ్యాచ్ రోజు పదకొండు మంది ఎవరన్నది కోచ్ ఒక్కడి ఇష్టం, అందులో దేవుడు కూడా వేలు పెట్టకూడదు. కొత్త పిల్లల్ని తీసుకోవడానికి ఇద్దరి సంతకం ఉండాలి. ఇద్దరిలో ఒకరు వద్దంటే వద్దు. డాన్ ఆష్‌వర్త్ లాంటి పెద్ద పేరున్నవాడిని మాంచెస్టర్ యునైటెడ్ నెలల తరబడి బేరమాడి న్యూకాసిల్ నుంచి, అంటే మా దగ్గర నుంచే, తీసుకుపోయింది. 2024 జులైలో చేరాడు, డిసెంబరులో బయటికి. ఐదు నెలలు! ఆ కుర్చీకి ఎంత అధికారమో తేలకపోతే ఎంతటివాడైనా అంతే.

కాజీపేట_జంక్షన్ | శనివారం, రాత్రి 10:55

మన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో గోవాలో కేరళని పెనాల్టీల్లో కొట్టి ఐఎస్ఎల్ కప్పు ఎత్తిన రోజు నేను కాజీపేట స్టేషన్ దగ్గర స్వీట్లు పంచాను. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. అందుకే నాకు పెద్ద కుర్చీల మీద నమ్మకం తక్కువ. మీ 42 మంది ఊళ్లోనే ఉంటారు, వాళ్లని చూసుకోండి.

ఇవాళ జోకు లేదు, సారీ.

హన్మకొండ_లెఫ్ట్‌బ్యాక్ | ఆదివారం, రాత్రి 8:30

మీటింగు అయిపోయింది. మూడు గంటలు, రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ, ఒకసారి కుర్చీ పడింది.

టెక్సాస్ అన్న పంపిన పేరు పెట్టలేదు. ‘డైరెక్టర్’ అన్న మాట కూడా వద్దనుకున్నాం, ఆ మాట వినగానే సగం మందికి కోపం వస్తోంది. మా క్లబ్బులోనే ఆడి ఇప్పుడు బ్యాంకులో పని చేసే ఒక అక్క రిజిస్టరు, రిజిస్ట్రేషన్, అమ్మాయిల ఇళ్లకి వెళ్లి మాట్లాడడం చూస్తానన్నారు. ఆమె కమిటీకే జవాబు చెప్తారు, కోచ్‌కి కాదు, డబ్బిచ్చేవాళ్లకీ కాదు. మ్యాచ్ టీం కోచ్ సార్ ఇష్టం. కొత్తవాళ్లకి ఇద్దరి సంతకాలు. సంతకం మాట దగ్గర సార్ చాలాసేపు ఒప్పుకోలేదు. "పదకొండేళ్లుగా నా సంతకం సరిపోయింది కదా" అన్నారు. అప్పుడు పాత పీఈటీ సార్ అటక మీది నోటుబుక్కు సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడకుండా విజిల్ తీసి జేబులో పెట్టుకున్నారు. మెడలో ఇంకా వేసుకోలేదు.

టెక్సాస్ అన్నకి ఇదంతా వాట్సాప్‌లో పంపాం. రెండు నీలి గీతలు వచ్చాయి, జవాబు రాలేదు. మూడు లక్షలు వస్తాయో రావో.

రిజిస్టరులో మొదటి పేరు ఆ మేనల్లుడిదే రాశారు. ‘ఎడమ కాలు మంచిది, పరుగు పెరగాలి, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి.’ కింద రెండు సంతకాలు. రేపు పొద్దున ప్రాక్టీసుకి పిలుచుకు రావడానికి నేను వాళ్లింటికి వెళ్తున్నా.

పీఈటీ సార్, ఆ నోటుబుక్కు ఒకసారి చూడొచ్చా?

ఇందూరు అక్కా, ఒక సందేహం. ఆధార్‌లో ఒక పుట్టినరోజు, స్కూలు రికార్డులో ఇంకో పుట్టినరోజు ఉన్న పిల్లలు ఆరుగురు తేలారు. ఏం చేయాలి?

పాత_పీఈటీ | ఆదివారం, రాత్రి 9:05

అటక ఎక్కే ఓపిక నాకు లేదు. నిచ్చెన ఉంది, నువ్వు రా.

ఇందూరు_వింగర్ | ఆదివారం, రాత్రి 9:20

ఆరుగురేనా? మా దగ్గర మొదటి ఏడాది పంతొమ్మిది మంది. ముందు మున్సిపాలిటీ బర్త్ సర్టిఫికెట్ ఎవరెవరికి ఉందో చూడండి, అది ఉంటే మిగతావి దాన్ని బట్టి సరిచేయించుకోవచ్చు. లేనివాళ్ల పేర్లు వేరే కాగితం మీద రాయండి. తారీఖులు మీరే దిద్దకండి, ఎంత చిన్న తేడా అయినా సరే. రేపు డ్యూటీ అయ్యాక మెసేజ్ పెడతా.